దిబ్బ అంటే దుబ్బ అనుకున్న పిల్లలు

హనుమకొండ నుంచి:

అందరికీ నమస్తే. ఐదో తరగతి పిల్లల కోసం ఎడారుల మీద ఒక చిన్న పుస్తకం తయారు చేస్తున్నాం. శాండ్ డ్యూన్ అనే మాట అందులో ప్రతి పేజీలోనూ తగులుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కదా అని "ఇసుక దిబ్బ" అని రాసుకుంటూ పోయాను. మొన్న మా బడిలో పిల్లలకు చదివి వినిపించి, విన్నది బొమ్మ గీయమన్నాను. సగం మంది ఒక మట్టిబాట గీశారు. బాట మీద ట్రాక్టరు, దాని వెనక పొగలా లేచిన దుమ్ము. ఒక పాపను "దిబ్బ ఎక్కడుందమ్మా?" అని అడిగితే ఆ దుమ్ము మీద వేలు పెట్టి "గిదే టీచర్, దుబ్బ" అంది.

"ఇసుక తిన్నె" అని మారుద్దామంటే, అది వెన్నెల పాటల్లో మాటలా ఉంటుందని మా తోటి టీచర్ అంటున్నారు. మన వైపు జనం నోట్లో ఉన్న మాట ఇంకేదైనా ఉందా? కాస్త చెప్పండి. పుస్తకం వచ్చే నెల ప్రెస్‌కు పోవాలి, అదొక టెన్షన్.

హసన్‌పర్తి నుంచి:

మేడం, పిల్లలు గీసింది సరిగ్గానే గీశారు. దుబ్బ మన దగ్గర రోజూ వాడే మాట. దుబ్బ నేల, దుబ్బ చెలక అంటాం. నీళ్ళు పోస్తే నిలవదు, పిడికిట్లో పట్టుకుంటే నిలవదు. కింద కూర్చుని లేస్తే "బట్టలకు దుబ్బంత అంటింది, దులుపుకో" అంటారు. ఎండాకాలం గాలిదుమారం వచ్చిందంటే ఊరంతా దుబ్బే. ఎత్తుతో ఆ మాటకు సంబంధం లేదు. దిబ్బ అనే మాట మాత్రం మన ఇళ్ళలో ఎంత వినిపిస్తుంది చెప్పండి? పేడనూ చెత్తనూ పోసేది కూడా మనకు పెంటకుప్పే. వినని మాట చెవిన పడితే పిల్లలు తెలిసిన మాటగా మార్చుకుంటారు.

నేను సర్వే పనిలో ముప్పై ఏళ్ళు గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ణి. రైతు నోట్లో ఎత్తుకూ పల్లానికీ ఎన్ని మాటలున్నాయో అప్పుడు తెలిసింది. భూగోళం పుస్తకం ఎత్తైన నేలను ఆకారం చూసి, ఎత్తు కొలిచి విడదీస్తుంది. మనవాళ్ళు చూసేది వేరు. అక్కడ దాన్ని ఎవరు పోశారు, ఏం పనికి పోశారు అన్నది ముందు. నీళ్ళు తెచ్చి పోస్తే ఒక మాట. చీమలూ చెదలూ పెడితే ఒక మాట. మనిషి పోస్తే, పోసిన పనిని బట్టి నాలుగైదు మాటలు. ఎవరూ పోయకుండా భూమిలోంచే లేచి ఉంటే అది గుట్ట.

ముందు గుట్ట సంగతే చూద్దాం, మన ఓరుగల్లు వాళ్ళకు గుట్టలకు కొదవ లేదు కాబట్టి. పద్మాక్షి గుట్ట, అగ్గలయ్య గుట్ట, గోవిందరాజుల గుట్ట, ఉర్సుగుట్ట, మడికొండ మెట్టుగుట్ట. కొండ అనే మాట మనకు ఊళ్ళ పేర్లలోనే మిగిలింది. హనుమకొండ, మడికొండ, నల్లగొండ. బస్సు దిగి "కొండ ఎక్కుతున్నా" అనేవాళ్ళు మన దగ్గర తక్కువ, "గుట్ట ఎక్కుతున్నా" అంటారు.

మా ఊరి పక్కనే ఎర్రగట్టు గుట్ట ఉంది. వెంకటేశ్వరస్వామి జాతర జరిగే చోటు. ఆ పేరు ఒకసారి విడదీసి చూడండి. గట్టు అన్నా గుట్టే. ఎర్రగట్టు అంటేనే ఎర్ర గుట్ట. కానీ ఎప్పుడో ఆ గట్టు ఊరి పేరుగా గడ్డకట్టుకుపోయింది, దాని అర్థం ఎవరికీ పట్టకుండా పోయింది. అప్పుడు జనం తమకు తెలిసిన గుట్టను దాని వెనక తగిలించారు. జగిత్యాల వైపు అంజన్న ఉండే కొండగట్టు కూడా అంతే, కొండ మీద గట్టు. అక్కడికి పోయివచ్చినవాళ్ళు "కొండగట్టు గుట్టెక్కినం" అంటే ఒకే మాట మూడుసార్లు అన్నట్టు. యాదగిరిగుట్టలో గిరి సంస్కృతం, గుట్ట మనది. ఇలాంటి పేర్లలో చివరికి చేరిన మాటే ఇప్పుడు బతికున్న మాట. మన వైపు అది గుట్ట.

ఇదే గట్టు కోస్తాకు పోతే పొలం గట్టు అవుతుంది. మన దగ్గర వరి మడికి ఉండేది ఒడ్డు. ఇద్దరి పొలాల మధ్య ఉండేది గెట్టు. గెట్టు పంచాయితీలు ఎన్ని తెంపామో లెక్కలేదు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త ఆఫీసరు ఎవరైనా "గట్టు మీద రాయి పాతండి" అంటే మావాళ్ళు ముఖముఖాలు చూసుకునేవారు.

బోడుకు పెద్ద కథ లేదు. చెట్టూ చేమా లేని బోడి గుట్ట అది, బోడ తలలోని బోడే. పుట్ట మీకు తెలిసిందే, నాగుల చవితికి పాలు పోసేది. కుప్ప అంటే మనిషి పోసింది, మళ్ళీ ఎత్తబోయేది. కల్లంలో వడ్ల కుప్ప పోస్తాం, రేపు బస్తాల్లోకి ఎత్తుతాం. ఎత్తే ఆలోచన లేకుండా, నిలవడానికే పోస్తే కట్ట. చెరువు కట్టకు కాకతీయుల కాలం నుంచీ మన దగ్గర ఉన్న మర్యాద వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. చెరువు లోపల నీళ్ళు నిలిచే పల్లాన్ని రెవెన్యూ కాగితాల్లో శిఖం అంటారు. చెవికి శిఖరంలా వినబడుతుంది, నిలబడి చూస్తే మొత్తం ఊళ్ళో అంతకన్నా పల్లం ఉండదు.

ఖిలా వరంగల్ చుట్టూ ఉన్న మట్టికోట కూడా కట్టే. రాతికోట బయట చుట్టూ కందకం, ఆ వెలుపల మట్టిగోడ. ఇప్పుడు గడ్డి మొలిచి దూరం నుంచి పొడుగాటి గుట్టలా కనబడుతుంది. అయినా దాన్ని గుట్ట అని ఎవరూ అనరు. మనిషి పోశాడని ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా జనానికి గుర్తుంది.

గద్దె మీద ఒక్క మాట చెప్పి ఇసుకకు వస్తా. మేడారంలో సమ్మక్కను చిలకలగుట్ట మీది నుంచి తెచ్చి గద్దె మీద నిలుపుతారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. గుట్ట అమ్మ ఉండే చోటు, గద్దె మనం అమ్మకు వేసిన చోటు. రెండూ ఎత్తులే. కానీ "చిలకల గద్దె" అనో "సమ్మక్క గుట్టకు బంగారం ఎక్కించినం" అనో అనండి, పక్కన ఉన్న ముసలమ్మ వెంటనే సరిదిద్దుతుంది.

ఇప్పుడు మీ ఇసుక. పల్లెల్లో దాన్ని ఉసికె అంటారని మీకు తెలుసు. ఉసికెకు మన దగ్గర ఉన్న ఎత్తుమాట మేట. వాగు పొంగి, పొలంలోకి వచ్చి, పోయేటప్పుడు తాను మోసుకొచ్చిన ఉసికెను వదిలేసి పోతుంది. "పొలంల ఉసికె మేటేసింది" అంటారు. ఏ వానాకాలం పేపరు తీసినా "ఇసుక మేటలు" కనబడతాయి. మానేరు, మోరంచవాగు, జంపన్న వాగు ఒడ్డున పొలాలున్నవాళ్ళకు ఈ మాట చెప్పి ఇవ్వక్కర్లేదు. కానీ మేడం, ఎడారి పుస్తకంలో ఇది పనికిరాదు. మేట నీళ్ళు పోసింది. ఎడారిలో ఇసుకను పోసేది గాలి.

గాలి పోసిన ఇసుకకు మన వైపు సొంత మాట లేదు. ఎందుకంటే మన వైపు అది లేదు. లేనిదానికి పేరు ఎట్లా ఉంటుంది? రాజస్థాన్‌లో థార్ ఎడారి వాళ్ళకు ధోరా, టీబా అని రెండు మాటలు ఇంట్లో మాటల్లాగే ఉన్నాయి. మనం తెచ్చుకోవాల్సిందే. తెచ్చుకునేది తెలుగులో ముందే ఉన్న తిన్నె అయితే మంచిదని నా ఓటు. పాటలో ఉన్నంత మాత్రాన అది పాడైపోదు కదా. తిన్నె అంటే ఇంటి ముందు కూర్చునే అరుగు కూడా. అరవంలో తిణ్ణై అదే. ఎక్కి కూర్చోగల ఎత్తు, మెత్తగా ఒరిగిన ఎత్తు. పిల్లలకు బొమ్మ కుదురుతుంది.

మంథని నుంచి:

హసన్‌పర్తి సార్ చెప్పిన దానికి చిన్న చేర్పు. సంస్కృతంలో వెతికినా మనకు దొరికేవి నది ఒడ్డు మాటలే. అమరకోశం వారివర్గంలో "తోయోత్థితం తత్పులినం సైకతం సికతామయమ్" అని ఉంది. నీళ్ళలోంచి పైకి తేలింది పులినం, ఇసుకతో నిండింది సైకతం. కావ్యాల్లో కవులు సైకతాలు అన్న ప్రతిచోటా పక్కన ఒక నది పారుతూ ఉంటుంది. ఇప్పుడు పేపర్లలో సముద్రం ఒడ్డున ఇసుకతో చేసే బొమ్మను సైకత శిల్పం అంటున్నారు, అది బాగానే అతికింది. ఎడారికి సైకతం అంటే మాత్రం పిల్లల నోట్లో రాయి పెట్టినట్టే.

ఇసుకకు పాత రూపం ఇసుము. "తివిరి యిసుమునఁ దైలంబు దీయవచ్చు" అని బడిలో అందరం వల్లెవేసిందే. దాన్ని మళ్ళీ లేపడం నాకు ఇష్టమే కానీ, ఐదో తరగతికి వద్దు.

ములుగు నుంచి:

మేట గురించి సార్ పైపైన చెప్పి పోయారు. అది పైపైన పోయేది కాదు. 2023 జులై 27 పొద్దుటికి మా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన రికార్డయింది. రాష్ట్రంలో అంతకు ముందు ఒక్కరోజులో అంత పడ్డ లెక్క లేదు. అదే రోజు భూపాలపల్లి వైపు మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. నీళ్ళు తీశాక మా చిన్నాయన పొలానికి పోయాం. ఒడ్లు కనబడలేదు. నాలుగు మడులు కలిసి ఒకే తెల్లటి మైదానం. పార పెడితే మోకాలు లోతు ఉసికె, దాని కింద నాటేసి పది రోజులైన వరి, ఆకుపచ్చగానే ఉంది, నొక్కేసినట్టు పడుకుని. చిన్నాయన గెట్టు రాయి కోసం కాళ్ళతో వెతుకుతున్నాడు.

మేట అంటే మా దగ్గర ఇది. ఎత్తు అని కూడా అనిపించదు, పరుపులా పరుచుకుంటుంది. కొన్నిచోట్ల చెట్టు మొదలుకో, కరెంటు స్తంభానికో అడ్డం తగిలిన దగ్గర మాత్రం కుప్పలా లేస్తుంది, దాని వెనక తోకలా సాగుతుంది. ఆ తోక చూస్తే వాగు ఎటు నుంచి వచ్చిందో చెప్పొచ్చు. మేడంగారు పుస్తకంలో మేట వాడకండి. మా పిల్లలు ఆ మాట వింటే ఎడారిని తలచుకోరు.

గోదావరిఖని నుంచి:

అన్నలకూ అక్కలకూ నమస్తే. నేను ఒప్పుకోను అని చెప్పడానికే వచ్చాను. "ఎవరూ పోయనిది గుట్ట" అన్నారు హసన్‌పర్తి సార్. మా ఓపెన్‌కాస్ట్ గనుల పక్కకు రండి. బొగ్గు మీద ఉన్న మట్టినీ రాయినీ డంపర్లతో తీసి పోస్తే లేచినవి ఉన్నాయి. మేం వాటిని ఓబీ గుట్టలు అంటాం. ఓబీ అంటే ఓవర్‌బర్డెన్. మనిషి పోసిందే, షిఫ్టుల లెక్కన పోసింది. అయినా గుట్టే. రామగుండం, మందమర్రి, భూపాలపల్లి ఎక్కడ చూసినా అంతే. కొన్నింటి మీద చెట్లు కూడా పెంచారు, కొత్తగా వచ్చినవాళ్ళు అసలు గుట్టలే అనుకుంటారు. ఇక కరీంనగర్ వైపు గ్రానైట్ కోసం అసలు గుట్టలను కోసి లారీల్లో పంపారు. పోసిన గుట్టలు లేస్తున్నాయి, లేచిన గుట్టలు పోతున్నాయి. మీ లెక్క ఎక్కడ నిలుస్తుంది సార్?

రెండో సంగతి. గాలి పోసిన ఇసుక మన వైపు లేదన్నారు. ఉంది. రాయి అయిపోయి ఉంది. మా ప్రాణహిత–గోదావరి లోయలో సుళ్ళవాయి అనే రాతి వర్గం ఉంది. అందులో వెంకటాపూర్ ఇసుకరాయి అని ఒక పొర. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని చదివి, ఇది ఒకప్పటి ఎడారి ఇసుక తిన్నెల సముద్రం అని తేల్చారు. వయసు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. అప్పటికి నేల మీద చెట్టు అనేదే పుట్టలేదు, ఇసుకను పట్టి ఆపేది ఏదీ లేదు, గాలి ఎట్లా తోస్తే అట్లా పోయింది.

ఎట్లా తెలుస్తుందని అడుగుతారు. తిన్నె ఒకవైపు నుంచి గాలికి ఎక్కుతుంది, రెండోవైపు జారుతుంది. జారిన ప్రతిసారీ ఒక ఏటవాలు పొర పడుతుంది. ఆ పొరలు రాయిలో అట్లాగే ఉండిపోతాయి. కోత చూస్తే పడుకున్న గీతల మధ్య ఏటవాలు గీతలు బారులు తీరి కనబడతాయి. ఆ వాలు ఎటు దిగితే ఆ రోజుల్లో గాలి అటు వీచినట్టు.

హసన్‌పర్తి నుంచి:

తమ్మీ, ఓబీ గుట్ట దగ్గర నువ్వు గెలిచావు. అంత ఎత్తు లేచేసరికి ఎవరు పోశారన్నది జనం పక్కన పెట్టారు. పైగా దాన్ని మళ్ళీ ఎత్తేదీ లేదు, నీళ్ళు ఆపేదీ లేదు. కుప్ప కాదు, కట్ట కాదు, ఇక గుట్టే గతి. మట్టికోటను గుట్ట అనకపోవడానికి అది ఇంకా "కోట"గా పని చెప్పుకోవడమే కారణం అనుకుంటా.

రాతి తిన్నెల సంగతి మాత్రం పుస్తకంలో పెట్టాల్సిందే. పిల్లలకు "ఎడారి ఎక్కడో ఉంది" అని చెప్పేకన్నా "మన గోదావరి కింద ఒకటి పడుకుని ఉంది" అని చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు.

కర్నూలు నుంచి:

మా దగ్గర దిన్నె అంటాం. దిన్నెదేవరపాడు అని కర్నూలు పక్కనే ఊరు ఉంది. కన్నడంలో దిణ్ణె. మీ తిన్నె, మా దిన్నె చుట్టాలే. మాకు దిన్నె అంటే పొలాల మధ్య కాస్త లేచిన నేల, నీళ్ళు ఎక్కవు, కొర్రలో సజ్జలో వేస్తారు. ఇసుక ఉండాలనే లేదు. కాబట్టి "ఇసుక" అని ముందు పెట్టకుండా ఒట్టి తిన్నె అంటే రాయలసీమ పిల్లలు వేరేది అనుకుంటారు.

విజయనగరం నుంచి:

దిబ్బను మరీ అంత తేలిగ్గా తీసేయకండి. విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు పేరుపడ్డవి, దేశంలో భూవారసత్వ స్థలాల్లో ఒకటి. సముద్రం ఒడ్డున పోగైన ఇసుకే, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వానలు కోసి కోసి లోయలు చేశాయి. మా వైపు చిన్నపిల్లలకు కూడా దిబ్బ అంటే అదే. దుబ్బతో కలగాపులగం అయ్యేది మీ దగ్గర మాత్రమే.

ఇంకో విడ్డూరం చెప్పనా? మీరు గడ్డకు చేరాం అంటే ఒడ్డుకు చేరాం అని. మా దగ్గర గెడ్డ అంటే వాగు! విశాఖ దగ్గర మేహాద్రి గెడ్డ అని జలాశయమే ఉంది. మీవాళ్ళు మా దగ్గరికొచ్చి "గడ్డకు పోదాం" అంటే నీళ్ళలోకి దించుతాం.

హసన్‌పర్తి నుంచి:

హహ, అందుకే గడ్డ సంగతి నేను ముందే ఎత్తలేదు. ఆ మాటకు అదుపు లేదు. ఏటికి అవతలి గడ్డ, ఇవతలి గడ్డ అంటే ఒడ్డు. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల వైపు నడిగడ్డ అంటే రెండు నదుల మధ్య నేల. తెలంగాణ గడ్డ అంటే మొత్తం దేశమే. కష్టం తీరితే "గడ్డన పడ్డం" అంటాం. తలకాయకు తగిలితే లేచేదీ గడ్డే, ఉల్లిదీ గడ్డే.

దానిలో నాకు ఇష్టమైనది పాటిగడ్డ. ఊరి పక్కన కాస్త లేచిన నేల ఉంటుంది, దున్నితే పెంకులు, పూసలు, బూడిద రంగు మన్ను బయటపడతాయి. పాత ఊరు కూలి, దాని మీద ఇంకో ఊరు కట్టి, అదీ కూలి లేచిన ఎత్తు అది. రైతులు ఆ పాటిమన్ను బండ్లకెత్తి చెలకలకు ఎరువుగా తోలేవారు. పెద్దపల్లి వైపు ధూళికట్ట, పెద్దబంకూరు, గోదావరి ఒడ్డున కోటిలింగాల, శాతవాహనుల ఊళ్ళన్నీ ఇట్లా నేల కింద పడుకున్నవే. 1970ల్లో ధూళికట్టలో తవ్వితే మట్టికోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. ఊరి పేరులోనే ధూళీ ఉంది, కట్టా ఉంది, చూడండి. ఇది ఎవరు పోశారు అంటే ఏం చెప్తాం? ఎవరూ కావాలని పోయలేదు, అందరూ కలిసి పోశారు.

ఆసిఫాబాద్ నుంచి:

గోండిలో గుట్టను మెట్ట అంటారు. తెలుగులో మెట్ట అంటే నీటి వసతి లేని ఎత్తు నేల, అది మీ చెలక. ఒకే మాట అడవిలో గుట్ట ఎక్కింది, ఊళ్ళో పొలానికి దిగింది. మీ మడికొండ మెట్టుగుట్ట కూడా ఎర్రగట్టు గుట్ట లాంటిదేనేమో, ఆలోచించండి సార్.

హసన్‌పర్తి నుంచి:

ఆశ పుట్టిస్తున్నావు కానీ తమ్మీ, ఆ గుట్టకు మెట్లున్నాయి. మెట్లున్న గుట్ట మెట్టుగుట్ట అంటే ఎవరూ కాదనలేరు. దాన్ని అట్లా వదిలేద్దాం.

హనుమకొండ నుంచి:

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. అందరికీ దండాలు. ఇంట్లో ఒక ఆలోచన వచ్చింది, నవ్వకండి. మేట నీళ్ళు పోసింది అన్నారు కదా. గాలి కూడా ఇసుకను మోసుకొచ్చి వదిలేదే. "గాలిమేట" అంటే ఎలా ఉంటుంది? కొత్త మాట, కానీ పిల్లలకు వినగానే తెలుస్తుంది.

ములుగు నుంచి:

మాట బాగుంది మేడం, మనసు ఒప్పుకోవట్లేదు. మేట మీద ఎవరూ ఆడుకోరు.

హసన్‌పర్తి నుంచి:

నాకు ఇంకో అభ్యంతరం. మేట వేసిన చోటే ఉంటుంది, మనిషి ఎత్తితే తప్ప కదలదు. తిన్నె నడుస్తుంది. నెలవంకలా వంగి ఉండే చిన్న తిన్నెలు ఎడారిలో ఏడాదికి పదుల మీటర్లు జరుగుతాయి. గాలి వచ్చే వైపు రేణువులు గెంతుతూ పైకి ఎక్కుతాయి, కొసకు చేరి అవతలికి జారుతాయి. ఇవతల తరుగుతూ అవతల పెరుగుతూ మొత్తం ముందుకు పోతుంది. ఇంగ్లీషు సైన్యంలో ఇంజనీరుగా చేసిన బాగ్నాల్డ్ అనే ఆయన లిబియా ఎడారిలో తిరిగి దీని లెక్కలు కట్టి 1941లో పుస్తకమే వేశాడు. మన మాటలన్నింటిలో కుప్పను ఎత్తుతాం, కట్ట తెగుతుంది, పుట్ట పెరుగుతుంది, గుట్ట కదలదు. నడిచే ఎత్తు మనకు కొత్త. అది మాటతో రాదు, పక్కన ఒక వాక్యంతో చెప్పాలి. మాట తిన్నెనే ఉంచండి.

పిల్లలకు చూపించడానికి ఎడారికి పోనక్కర్లేదు. ఇల్లు కట్టేచోట ట్రాక్టరు ట్రిప్పు ఇసుక దింపినప్పుడు తీసుకుపోండి. పొడి ఇసుక ఎన్నిసార్లు పోసినా 30 నుంచి 34 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అంతకన్నా నిటారుగా నిలవదు, జారిపోతుంది. తడి ఇసుకతో చెయ్యకండి, అది గోడలా నిలబడి మీ పాఠం చెడగొడుతుంది. ట్రాక్టరు కుప్పకు అన్ని వైపులా అదే వాలు. తిన్నెకు ఒక్కవైపే అంత వాలు, గాలి వచ్చే వైపు దానిలో సగం కూడా ఉండదు. అక్కడే కుప్పకూ తిన్నెకూ తేడా.

గోదావరిఖని నుంచి:

బొమ్మ గీసేవాళ్ళు ఎప్పుడూ తిన్నెను అన్నం కుప్పలా రెండువైపులా సమంగా గీస్తారు మేడం. మీ ఆర్టిస్టుకు ముందే చెప్పండి.

హనుమకొండ నుంచి:

చెప్పాను. అట్లాగే గీసి పెట్టారు, మార్పిస్తున్నాను. మొదటిసారి వచ్చిన చోట ఇలా రాస్తున్నా, చూసి చెప్పండి: "ఎడారిలో గాలి ఇసుకను తోసి తోసి పోగు చేస్తుంది. ఆ పోగును ఇసుక తిన్నె అంటారు. గాలి వచ్చే వైపు అది మెల్లగా ఎక్కుతుంది, రెండో వైపు జారుడుబండలా దిగుతుంది. గాలి ఆగని చోట తిన్నె కూడా ఒక దగ్గర ఆగదు." ఆ తర్వాత అంతటా ఇసుక తిన్నె. ఎర్రమట్టి దిబ్బల పేజీలో మాత్రం దిబ్బ అనే ఉంచి, కింద "అటువైపు దిబ్బ అంటే ఎత్తు, మన దుబ్బ కాదు" అని రాస్తా. గోదావరి లోయ రాతి తిన్నెలకు ఒక పేజీ ఖాళీ చేశాను, ఆ ఏటవాలు పొరల ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

గోదావరిఖని నుంచి:

ఫోటో నేను తీసి పంపుతా. పక్కన ఒక పెన్ను పెట్టి తీస్తా, పొర ఎంత మందమో పిల్లలకు తెలియాలి. బాణం గుర్తు మాత్రం మీరే వేయించండి, పొర దిగే వైపుకు.